శ్రీమతి కెరోలిన్ నార్టన్ చరిత్రము

ఇంటి గుట్టు బయలుపెట్టరాదని మన పెద్దలు చెప్పుచుందురు. అది మంచి మాటయే. ఇంటిలోని అప్పులను, కోపతాపములను వీధిలో చాటుట వివేకుల లక్షణము గాదు. కాని యీ మంచి మాటయే యొక్కొక్కచో చెడ్డపనికి మఱుగగుచున్నది. ఒక యింట నొక మగవాడు భార్యను కొట్టుచుండును. ఆమె కేక యిరుగుపొరుగువారి చెవిని బడును. అది వారి యింటి సంగతి, మన కేల యని యెల్లరును తలుపులు మూసికొందురు. మఱునాడు ఆ యింటి బిడ్డ బడికి ఆలస్యముగా వచ్చును. లేదా రానే రాదు. పాఠ మప్పగింపుమన్నచో ఆ బిడ్డ నోట మాట రాదు. పెక్కేండ్లు బడిపిల్లల నడుమ గడపిన మావంటి యుపాధ్యాయులకు ఇట్టి ముఖములు క్రొత్తవి గావు.

ఇంటిలో పడిన దెబ్బ యింటితో పోవునా, లేక యిరుగుపొరుగునకును, దేశమునకును తగులునా? ఈ ప్రశ్నకు తన జీవితమునే ఉత్తరముగా జూపిన యొక యాంగ్లస్త్రీ చరిత్రమును ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాను. ఆమె పేరు కెరోలిన్ నార్టన్. ఆమె రాణి గాదు; సేనలను నడపినది గాదు. కలముతో జీవనము గడపుకొనిన యొక తల్లి. ఐనను ఆమె పడిన బాధవలన ఇంగ్లండు దేశపు శాసనములు మాఱినవి. ఆ మార్పు కొంతకాలమునకు మన దేశమునకును వచ్చినది.

కెరోలిన్ 1808వ సంవత్సరము మార్చి 22వ తేదీని లండను నగరమున జన్మించెను. ఆమె తాత రిచర్డు బ్రిన్స్‌లీ షెరిడన్ ప్రసిద్ధ నాటకకర్త. పార్లమెంటులో మహావక్త యని పేరొందినవాడు. వారన్ హేస్టింగ్సు హిందూదేశమున గావించిన పాలనను గూర్చి పార్లమెంటులో విచారణ జరిగినపుడు, అయోధ్య బేగములకు జరిగిన యన్యాయమును గూర్చి యుపన్యసించి సభ్యులను కదిలించినవాడు ఈ షెరిడనే. చరిత్ర పాఠములలో విద్యార్థు లీతని పేరు వినియే యుందురు. తాతకు కీర్తి యున్నంత ధనము లేదు. తండ్రి టామస్ షెరిడన్ రోగపీడితుడై, దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీకి ఉద్యోగమునకై పోయి 1817లో అచటనే మరణించెను. తల్లి చిన్నబిడ్డలతో దిక్కులేనిదయ్యెను. దొరతనమువారు దయదలచి హాంప్టన్ కోర్టు రాజభవనమున కొన్ని గదులను నివాసమున కొసగిరి. ఆ తల్లి గ్రంథములు వ్రాసియు, మితవ్యయముచేతను బిడ్డలను పెంచెను.

షెరిడన్ కుటుంబమున ఆడుబిడ్డలు ముగ్గురు. రూపమునకును, మాటచాతుర్యమునకును ముగ్గురును ప్రసిద్ధులే. కాని కట్నమిచ్చుటకు సొమ్ములేని యింటి పిల్లలు. అట్టివారికి తగిన సంబంధము వచ్చినచో కాదనుట ఆ కాలమున ఇంగ్లండునందును కష్టమే. గ్రాంట్లీ ప్రభువు తమ్ముడైన జార్జి చాపుల్ నార్టన్ అను నతడు కెరోలిన్ బాలికగా నున్నపుడే చూచి, ఆమెను వివాహమాడ గోరుచు తల్లికి జాబు వ్రాసెను. పిల్ల చిన్నదని తల్లి యప్పటి కాపెను. తుదకు 1827లో వివాహము జరిగెను. అప్పటికి కెరోలిన్‌కు 19 ఏండ్లు. వరునకు 26 ఏండ్లు. అతడు బారిస్టరు, పార్లమెంటులో సభ్యుడు, ప్రభువంశీయుడు. పైకి చూచువారికి ఇంతకంటె మంచి సంబంధ మేమి గలదు?

లోపల సంగతి వేఱు. నార్టన్ తనకు గలదని చెప్పుకొన్న యాదాయము నిజముగా లేదు. బారిస్టరుగా పని దొరకలేదు; దొరికించుకొనుటకు శ్రద్ధయు లేదు. త్రాగుడలవాటు గలదు, కోపము వచ్చినచో చేయి నిలువదు. వివాహమైన రెండు మాసములకే, తాను చెప్పిన యొక యభిప్రాయము తెలివితక్కువదని భార్య యన్నందులకు ఆమె ప్రక్కను కాలితో తన్నెను. ఆ రాత్రి యామె వేఱొక గదిలో కూర్చుండి తెల్లవార్చెను. చాలదినము లా నొప్పి పోలేదు. మఱియొకనాడు సిరాబుడ్డిని, న్యాయశాస్త్ర గ్రంథములను ఆమె తలపై విసరెను. ఇంకొకప్పుడు కాగుచున్న తేనీటిపాత్రను ఆమె చేతిపై మోపి కాల్చెను. 1835లో గర్భవతిగా నున్నపుడు పడిన దెబ్బలవలన ఆమెకు గర్భస్రావ మయ్యెను. ఈ సంగతులను ఆమె చాలయేండ్లు బయట చెప్పలేదు. పలుమాఱు పుట్టింటికి పోయెను. అతడు క్షమింపుమని వేడుకొనుచు జాబులు వ్రాయును. ఆమె బిడ్డలనుబట్టి మరల వచ్చును. మన గ్రామములలోని వారికి ఈ కథ తెలియనిది గాదు.

ఇచట మన మొక విషయమును శ్రద్ధగా గమనింపవలెను. కొట్టినవాడు ఇల్లు నడపినవాడు గాడు. ఇల్లు నడపినది దెబ్బలు తిన్న భార్య. 1829లో ఆమె మొదటి పద్యకావ్యము అచ్చయ్యెను. ఆ సంవత్సరమే పెద్దకొడుకు ఫ్లెచరు పుట్టెను. ఆ పురుటి ఖర్చులు ఆ గ్రంథమువలన వచ్చిన ధనముతోనే తీరెను. తరువాత ఆమె కథలు వ్రాసెను, పద్యములు వ్రాసెను, స్త్రీల పత్రికలకు సంపాదకురాలిగా పనిచేసెను. ఒడిలో బిడ్డను పెట్టుకొని కాగితములు దిద్దిన దినములును గలవు. 1831లో బ్రిన్స్‌లీ, 1833లో విలియము అను కొడుకులు కలిగిరి. నార్టనునకు ఉద్యోగము సంపాదించి పెట్టినదియు ఆమెయే. తమ కుటుంబమున కెఱిగినవాడును, అప్పుడు దేశాంతర్వ్యవహార మంత్రియును ఐన మెల్బోర్న్ ప్రభువు నామె యడుగగా, 1831లో నార్టనునకు లండనులో పోలీసు మేజస్ట్రీటు పదవి దొరకెను. జీతము ఏటికి 1,000 పౌనులు.

పోలీసు మేజస్ట్రీటు కచ్చేరి యనగా నేమి? నగరమునందలి బీద స్త్రీలు, త్రాగివచ్చిన భర్తలు తమ్ము కొట్టిరని మొఱపెట్టుకొను స్థలము. అట్టి పీఠముపై కూర్చుండి తీర్పుచెప్పు పెద్దమనుష్యుడు సాయంకాలమున ఇంటికి పోయి భార్యను కొట్టుచుండెను. దుర్మార్గము గుడిసెలలోనే యుండునని, చదువును, వంశమును, పదవియును ఉన్నచోటికి రాదని తలచువారు ఈ సంగతిని మఱవకుందురు గాక.

1836వ సంవత్సరము ఈస్టరు పండుగ సమయమున కెరోలిన్ బిడ్డలను వెంటబెట్టుకొని తన యన్న యింటికి పోవ నుద్దేశించెను. భర్త ఒప్పుకొనలేదు. ఆమె యింట లేనివేళ అతడు ముగ్గురు బిడ్డలను బండి నెక్కించి తనవారి చెంతకు పంపివేసెను. ఆమె వచ్చి చూచునప్పటికి బిడ్డలు లేరు. వారున్న చోటికి పరుగెత్తెను గాని, లోపలికి రానీయలేదు. తరువాత ఆమె యిల్లు ఆమెకే మూతబడెను. ఆమె బట్టలు, పుస్తకములు, నగలు, వ్రాసికొన్న కాగితములు సయితము భర్త వశమున నిలిచిపోయెను.

న్యాయము చెప్పుమని ఆమె న్యాయవాదుల నడిగినపుడు, ఆ కాలపు శాసన మెట్టిదో ఆమెకు పూర్తిగా తెలిసెను. వివాహమైన స్త్రీకి ఇంగ్లండు శాసనమున ప్రత్యేకమైన యస్తిత్వము లేదు. భార్యాభర్త లిరువురు నొకే వ్యక్తి. ఆ వ్యక్తి భర్తయే. ఆమె వస్తువులు అతనివి. ఆమె కష్టార్జితము అతనిది. ఆమె వ్రాసిన గ్రంథములపై వచ్చు సొమ్మును అతడు కోరి తీసికొనవచ్చును. ఆమె తన పేరిట దావా వేయజాలదు; ఒడంబడిక చేసికొనజాలదు. బిడ్డలు తండ్రి సొత్తు. పాలుత్రాగు బిడ్డనైనను తల్లియొద్దనుండి తీసికొనుటకు అతనికి అధికారము గలదు. విడాకులు కావలెనన్నచో పార్లమెంటు ప్రత్యేక శాసనము చేయవలెను. 1857వ సంవత్సరమువఱకు అట్టి శాసనమును పొందగలిగిన స్త్రీలు మొత్తముమీద నలుగురు మాత్రమే.

నార్టన్ అంతటితో నాగలేదు. అప్పటికి మెల్బోర్న్ ప్రభువు ప్రధానమంత్రి యైయుండెను. తన భార్యకును ఆయనకును అక్రమ సంబంధము గలదని నేరము మోపి, 10,000 పౌనులు నష్టపరిహార మిప్పింపుమని దావా వేసెను. 1836వ సంవత్సరము జూను 22వ తేదీని విచారణ జరిగెను. దేశమంతయు ఆ దావానే చెప్పుకొనెను. కాని యెవరి మానము అచట త్రాసులో తూగుచున్నదో ఆ కెరోలిన్ ఆ దావాలో కక్షిదారు గాదు. సాక్ష్యము చెప్పుటకు ఆమెకు హక్కు లేదు. ఆమె పక్షమున న్యాయవాది లేడు. పనినుండి తొలగింపబడిన సేవకులు వచ్చి సాక్ష్యము లిచ్చిరి. జూరీవారు ఆ సాక్ష్యములను నమ్మక, తమ స్థానములనుండి లేచి పోకుండగనే ప్రతివాదిపై నేరము లేదని తీర్మానించిరి. ప్రధానమంత్రి తన పదవిలో నిలిచెను. కెరోలిన్ నిర్దోషియని తేలెను గాని, లోకుల నోళ్లు మూతపడలేదు. ఆమె పేరు పత్రికలలోను, విందులలోను హాస్యమునకు పాత్రమయ్యెను. భర్త యోడిపోయినందున అతనికి విడాకులు రావు. శాసనమున దారిలేనందున ఆమెకును రావు. కొట్టినవానికి భార్యగా ఆమె యింకను దాదాపు నలువదియేండ్లు ఉండవలసివచ్చెను.

ఆ దుఃఖములో ఆమెకు మిగిలినది కలము మాత్రమే. తన గొడవను మాత్రమే చెప్పుకొని యేడ్చియుండినచో ఆమెను నేడెవరును స్మరింపరు. తనవంటి తల్లు లెందఱో యున్నారని, తప్పు ఒక మనుష్యునియందే గాక శాసనమునందును గలదని ఆమె గ్రహించెను. ఏడేండ్లు నిండని బిడ్డలనైనను తల్లియొద్ద నుంచవలెనని వాదించుచు ఆమె 1837లో ఒక చిన్న గ్రంథమును వ్రాసెను. న్యాయవాదియు గ్రంథకర్తయు నైన టామస్ టాల్ఫర్డ్ అను సభ్యుడు ఆ యేడే బిల్లును సామాన్యుల సభలో ప్రవేశపెట్టెను. 1838లో ఆ బిల్లు సామాన్యుల సభలో నెగ్గి ప్రభువుల సభలో కొద్ది వోట్ల తేడాతో ఓడిపోయెను. ఆ కాలముననే ఒక పత్రిక ఆమెను కఠినముగా నిందించెను. పరువునష్టపు దావా వేయుదమన్నచో వివాహిత యగుటచే ఆమెకు ఆ హక్కు లేదు. అందుచేత 1839లో ఆమె పురుషుని పేరు పెట్టుకొని, పియర్స్ స్టీవెన్సన్ అను మాఱుపేరుతో మఱియొక లేఖను అచ్చొత్తించి పార్లమెంటు సభ్యులకు పంపెను. స్త్రీ చెప్పిన మాటకు లేని విలువ పురుషుని పేరుతో చెప్పిన మాటకు వచ్చునని ఆమె యెఱుగును. ఆ యేడే శిశుసంరక్షణ శాసనము నెగ్గెను. ఆ శాసనముచేత, దోషములేని తల్లి ఛాన్సరీ న్యాయస్థానమునకు మనవిచేసికొని ఏడేండ్లలోపు బిడ్డలను తనయొద్ద నుంచుకొనుటకును, పెద్దబిడ్డలను చూచుటకును అవకాశము కలిగెను. ఇంగ్లండు దేశములో వివాహిత స్త్రీకి శాసన మొసగిన మొదటి హక్కులలో నిది యొకటి.

కాని శాసనమును తెచ్చిన తల్లికి ఆ శాసనఫలము దక్కలేదు. ఆ శాసనము స్కాట్లండు దేశమునకు వర్తింపదు. నార్టన్ బిడ్డల నచటికి పంపియుండెను. 1842వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, యార్కుషైరులోని తండ్రి యింట నుండగా, చిన్నకొడుకు విలియము గుఱ్ఱపుపిల్లపైనుండి పడెను. గాయము చిన్నదే; తగిన శ్రద్ధ లేనందున అది విషించెను. తల్లిని పిలిపించిరి. ఆమె పోవునప్పటికి బాలుడు శవపేటికలో నుండెను. ఈ మరణము తరువాతనే తండ్రి మనస్సు కొంత మెత్తబడి, మిగిలిన యిద్దఱు బిడ్డలను తల్లియొద్దకు పంపుట కొప్పుకొనెను. ఒక బిడ్డ ప్రాణము పోయినగాని మిగిలినవారికి తల్లిముఖము కనబడలేదు.

తరువాతి కలహము ధనమును గూర్చినది. 1848లో నార్టనునకు, భార్యపేర నున్న ధర్మకర్తృత్వపు సొమ్ముపై అప్పు తెచ్చుకొనుటకు ఆమె సమ్మతి కావలసివచ్చెను. అందులకు ప్రతిగా ఏటికి 500 పౌనులు ఆమె పోషణమున కిచ్చునట్లు వ్రాతపూర్వకముగా నొడంబడిక జరిగెను. 1851లో ఆమె తల్లి మరణించుచు కొంత యాదాయమును ఆమెకు వ్రాసియిచ్చెను. అది తెలిసి నార్టన్ తానిచ్చు సొమ్మును తగ్గించి, పిమ్మట నాపెను. ఆమెకు బాకీలు పడెను. బండి మరమ్మతు చేసిన వర్తకుడొకడు తన సొమ్మునకై 1853లో నార్టనుపై దావా వేసెను. నార్టన్ ఆమె బ్యాంకి లెక్కలను, గ్రంథప్రకాశకుల లెక్కలను న్యాయస్థానమునకు తెప్పించెను. పదునేడేండ్ల క్రిందట అబద్ధమని తేలిన నిందను మరల పదుగురిలో నెత్తెను. తాను వ్రాసియిచ్చిన ఒడంబడిక చెల్లదని వాదించెను. భార్యాభర్తలు శాసనమున నొకే వ్యక్తి గావున వారిరువురి నడుమ ఒడంబడిక యుండజాలదు. తుదకు ఆ దావాలో అతడే గెలిచెను.

అప్పుడామె వయస్సు 45 ఏండ్లు. వివాహమైన నాటినుండి దాచిన సంగతుల నన్నిటిని ఆమె 1854లో ఇంగ్లండు స్త్రీల శాసనములను గూర్చిన గ్రంథమున బయలుపెట్టెను. తన్నిన దినము, కాల్చిన దినము, బిడ్డలను గొనిపోయిన దినము - ఒక్కటియు విడువలేదు. 1855లో విక్టోరియా రాణీగారికి లేఖరూపమున మఱియొక గ్రంథమును వ్రాసెను. దేశమునకు రాణియై యొక స్త్రీ రాజ్యమేలుచుండగా, ఆ రాజ్యమునందలి వివాహిత స్త్రీ తన చేతి సంపాదనకు యజమానురాలు గాకపోవుట యెంత వింతయో ఆ లేఖలో చూపెను. ఆ కాలముననే బార్బరా లీ స్మిత్ మొదలగు స్త్రీలు వివాహితల యాస్తిని గూర్చి వేలకొలది చేవ్రాళ్లతో 1856లో పార్లమెంటునకు మహజరు పంపిరి.

1857లో వివాహవిషయక శాసనము నెగ్గెను. కెరోలిన్ గ్రంథములలోని వాదములు అందు కొన్ని ప్రకరణములుగా చేరెను. భర్త విడిచిన భార్య తన సంపాదనను అతని చేతినుండియు, అతని ఋణదాతల చేతినుండియు కాపాడుకొనవచ్చును. న్యాయస్థానము ద్వారా వేఱైన భార్య ఆస్తిని పొందవచ్చును, వ్రాసియీయవచ్చును, తన పేరిట దావా వేయవచ్చును, ఒడంబడికలు చేసికొనవచ్చును. కాని పక్షపాతము పూర్తిగా పోలేదు. భార్య వ్యభిచారమొక్కటియే భర్తకు విడాకులకు చాలును. భార్యకు మాత్రము భర్త వ్యభిచారముతోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టుటయో, మఱియొక ఘోరదోషమో రుజువు కావలెను.

ఒక మనుష్యుని చరిత్రమును వ్రాయునపుడు గుణములనే చెప్పి కొఱతలను దాచుట న్యాయము గాదు. కెరోలిన్ స్త్రీపురుషుల సమానత్వమును కోరినది గాదు. తాను రక్షణము మాత్రమే కోరుచున్నానని స్పష్టముగా వ్రాసెను. ఆమెకు గొప్పవారి పరిచయము గలదు, పలుకుబడి గలదు, అందమును, రచనాశక్తియు గలవు. ఇన్ని యుండియు ఇన్ని కష్టములు పడినచో, ఏమియు లేని కూలిస్త్రీల గతి యేమి? ఆ ప్రశ్నను చేపట్టినది ఫ్రాన్సిస్ పవర్ కాబ్ అను నామె. బీదల యిండ్లలో భార్యలు పడు చిత్రహింసను గూర్చి ఆమె 1878లో వ్రాసిన వ్యాసముయొక్క ప్రభావమున ఆ యేడే క్రొత్త శాసనము వచ్చెను. ఘోరముగా కొట్టినట్లు శిక్షపడిన భర్తనుండి భార్య వేఱుగా నుండుటకును, పోషణ పొందుటకును మేజస్ట్రీటే యుత్తరువు చేయవచ్చునని అందు నిర్ణయించిరి. దానికి ముందు 1870లో, వివాహిత స్త్రీ సంపాదించిన కూలి ఆమెదే యని శాసనమయ్యెను. 1882లో ఆమె యాస్తియంతయు ఆమెదే యని స్థిరపడెను.

కెరోలిన్ కడపటి దినములును సుఖముగా గడవలేదు. పెద్దకొడుకు ఫ్లెచరు 1859లో క్షయవ్యాధిచే మరణించెను. రెండవ కొడుకు రోగిష్ఠి. ఆ కొడుకు పిల్లలను ఆమెయే పెంచెను. వారికొఱకు వృద్ధాప్యమందును వ్రాయుచునే యుండెను. 1875లో జార్జి నార్టన్ చనిపోయెను. 1877వ సంవత్సరము మార్చి 1వ తేదీని, చిరకాల మిత్రుడును విద్వాంసుడును ఐన సర్ విలియము స్టర్లింగ్ మాక్స్‌వెల్‌ను ఆమె వివాహమాడెను. ఆ సుఖమును అనుభవించినది మూడు మాసములే. అదే సంవత్సరము జూను 15వ తేదీని ఆమె మరణించెను.

లండనులో ప్రభువుల సభామందిరమున గోడపై న్యాయదేవత చిత్ర మొకటి గలదు. డేనియల్ మక్లీస్ అను చిత్రకారుడు ఆ చిత్రమునకు కెరోలిన్ ముఖమునే మాదిరిగా గైకొనెను. ఏ సభ ఆమె మొదటి మొఱను త్రోసివేసెనో ఆ సభలోనే న్యాయదేవతగా ఆమె ముఖము నేటికిని నిలిచియున్నది.

ఈ చరిత్రమునకును మన దేశమునకును సంబంధము లేకపోలేదు. కెరోలిన్ అక్క హెలెన్ కుమారుడే డఫ్రిన్ ప్రభువు. ఆయన 1884 మొదలు 1888 వఱకు మన దేశమునకు రాజప్రతినిధిగా నుండెను. ఆయన భార్య 1885లో స్థాపించిన నిధివలన స్త్రీల వైద్యశాలలు మన నగరములలో వెలసినవి. ఇంతకంటె ముఖ్యమైనది శాసనముల సంబంధము. 1857 నాటి ఆంగ్లశాసనమును అనుసరించియే 1869లో హిందూదేశపు క్రైస్తవుల విడాకుల శాసనము పుట్టెను. దానిలోని మంచియు, దానిలోని పక్షపాతమును రెండును మనకు సంక్రమించినవి. ఆ పక్షపాతము 2001వ సంవత్సరపు సవరణతోగాని తొలగలేదు. 1874లో వివాహిత స్త్రీల యాస్తి శాసనము వచ్చి, క్రైస్తవ స్త్రీ మొదలగువారి జీతమును కష్టార్జితమును వారివే యని చెప్పెను. బడులలో ఉపాధ్యాయినులుగను, ఆసుపత్రులలో నర్సులుగను పనిచేసిన మన తల్లులు నెలజీతమును తమ చేత పుచ్చుకొనుట వెనుక ఇట్టి చరిత్ర గలదని ఎందఱెఱుగుదురు?

2005లో మన పార్లమెంటు గృహహింసనుండి స్త్రీలను రక్షించు శాసనమును చేసెను. అది 2006వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. దానిని చదివినచో కెరోలిన్ కష్టముల పట్టికను చదివినట్లే యుండును. దెబ్బలు కొట్టుట మాత్రమే హింస గాదు. మాటలచే మనస్సును చంపుటయు హింసయే. సంపాదనను, స్త్రీధనమును లాగికొనుటయు, ఇంటి ఖర్చు కీయకుండుటయు హింసయే. భార్యను కాపురమున్న యింటినుండి వెడలగొట్టరాదు. బిడ్డలను తల్లియొద్ద నుంచుటకు మేజస్ట్రీటు ఉత్తరువు చేయవచ్చును. స్త్రీకి సహాయము చేయుటకు రక్షణాధికారు లుందురు. శాసన మింత చేసినను ఇండ్లలో హింస తీరలేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, 18 మొదలు 49 ఏండ్లలోపు వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 29 మంది భర్తలచే హింస ననుభవించినట్లు తేలినది. అనగా పదిండ్లలో దాదాపు మూడిండ్లు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. దెబ్బ యింటితో పోవునా? కెరోలిన్ యింటి లెక్కను చూడుడు. కాలిన చేయి వ్రాసెడు చేయి. ఆ చేయి పని మానిన దినమున ఇంటికి రాబడి లేదు. ఆమె పరుగెత్తిన ప్రతిసారి ఆ భారము తల్లిపైని, యన్నపైని పడెను. బాకీ తీరక వర్తకుడు నష్టపోయెను. న్యాయస్థానముల కాలమును, దేశపు ధనమును ఒకని కోపమునకు వెచ్చింపవలసివచ్చెను. తల్లికి దూరమైన బిడ్డలలో నొకడు శ్రద్ధలేక చచ్చెను. కూలివాని యింటనైనను ఇంతే: దెబ్బతిన్న తల్లి మఱునాడు పనికి పోజాలదు, ఆ నాటి కూలి పోవును, కూలి పోయిన యింట మొదట మానిపించునది ఆడుపిల్ల చదువు. కొడుకు తండ్రిని చూచి చేయెత్తుట నేర్చును. కూతురు తల్లిని చూచి తల వంచుట నేర్చును. ఇట్లు ఒక దెబ్బ రెండు తరములకు తగులుచున్నది.

బాలురారా, కోపమువచ్చినపుడు బలహీనులపై చేయెత్తుట మగతనము గాదు. జార్జి నార్టనునకు పదవి యుండెను, వంశ ముండెను, న్యాయశాస్త్రము తెలియును. ఐనను అతని పేరు నేడు దేనికి స్మరింపబడుచున్నదో చూచితిరి గదా. బాలికలారా, చదువు నగవలె దాచుకొనునది గాదు. ఆపదలో చేతికి వచ్చు పనిముట్టు. కెరోలిన్‌ను నిలిపినది ఆ పనిముట్టే. తలిదండ్రులారా, కూతురు కంటనీరుతో పుట్టింటి గడప త్రొక్కినపుడు, సర్దుకొనిపొమ్మని మరల పంపుటకు ముందు ఆమె మాట పూర్తిగా వినుడు. ఇంటి గుట్టును కాపాడుట మంచిదే; కాని గుట్టుకంటె ప్రాణము గొప్పది. ప్రక్కయింటి కేక మన చెవిని బడినపుడు తలుపు మూయక తెఱచువారు ఒక్కొక్క వీధికి ఒక్కరున్నను, ఆ కష్టజీవి పడిన పాటు వ్యర్థము గాదు.